పెరటి గెల నుంచి పామాయిల్: ఆ నాలుగు రోజులే కొంప ముంచాయి

ప్రశ్న: మా పెరట్లో రెండు ఆయిల్ పామ్ చెట్లున్నాయి. ఎప్పుడో అందం కోసం, ఎక్కడో ఏరుకొచ్చిన గింజలతో పెంచినవి. ఈమధ్య బాగా గెలలు వేస్తున్నాయి. ఊరికే పోవడమెందుకు, ఇంట్లోనే నూనె తీద్దామని ఒక గెల కోశాం. పైపైన ఎర్రగా ఉంది గానీ పండ్లు ఒక పట్టాన ఊడి రాలేదు. గోనెసంచిలో కట్టి నాలుగు రోజులు ఉంచితే వాటంతటవే రాలతాయని తెలిసినవాళ్ళు చెబితే అలాగే చేశాం. తర్వాత ఉడకబెట్టి, చల్లారాక మిక్సీలో వేస్తే బ్లేడు వంగింది. చివరికి రోట్లో దంచి గుడ్డలో పిండితే రెండు గ్లాసుల ఎర్రటి నూనె వచ్చింది. నెల తిరక్కుండానే వాసన మారింది, నోట్లో వేసుకుంటే గొంతు గరగరమంటోంది. ఎక్కడ తప్పు చేశాం? బాగా మరగబెడితే ఎరుపు పోయి కొట్లో దొరికే నూనెలా అవుతుందంటున్నారు, నిజమేనా? ఇంట్లో కొలెస్ట్రాల్ ఉన్న పెద్దవాళ్ళున్నారు, వాళ్ళు తినొచ్చా? గింజలు బోలెడు మిగిలాయి, వాటినేం చేయాలి? నాటితే మొలుస్తాయా?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ నూనె సీసాలో పాడవలేదండీ, గోనెసంచిలోనే పాడైపోయింది. ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేసిన ఆ నాలుగు రోజుల దగ్గరే మొత్తం వ్యవహారం ఉంది. అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

ఆయిల్ పామ్ పండు గుజ్జులో నూనెతో పాటు ఆ నూనెను విడగొట్టే లైపేజ్ అనే ఎంజైమ్ కూడా ఉంటుంది. పండు చెక్కుచెదరకుండా ఉన్నంతసేపూ నూనె జోలికి అది పోదు. పండు నలిగినా, తెగినా, మరీ మాగినా రెండూ కలిసిపోతాయి. ఇక నూనె విడిపోయి ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు తయారవుతూనే ఉంటాయి. బాగా నలిగిన చోట ఇందుకు రోజులు అక్కర్లేదు, గంటలు చాలు. గొంతులో ఆ గరగర చాలావరకు వాటి వల్లే. పైగా అలాంటి నూనె మామూలు నూనె కంటే తొందరగా గాలికి పాడై వాసనేస్తుంది. ముడి పామాయిల్‌లో ఈ యాసిడ్లు 5 శాతం మించకూడదన్నది వ్యాపారంలో ఎప్పటి నుంచో ఉన్న లెక్క. సంచిలో గెల వేడెక్కి, చెమ్మపట్టి, అక్కడక్కడ బూజు కూడా కమ్మి ఉంటే మీ నూనె ఆ హద్దు ఎప్పుడో దాటి ఉంటుంది. ఉడకబెడితే ఎంజైమ్ పని ఆగుతుంది, నిజమే. కానీ అప్పటికే విడిపోయిన నూనె మళ్ళీ మొదటిలా అవదు.

మీకు సంచి సలహా ఇచ్చినవాళ్ళు గాల్లోంచి చెప్పలేదు లెండి. ఈ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. అక్కడి పల్లెల్లో తరతరాలుగా ఇళ్ళ దగ్గరే నూనె తీస్తున్నారు, ఎక్కువగా ఆడవాళ్ళే. గెలను ముక్కలు చేసి రెండు మూడు రోజులు కప్పి ఉంచడం అక్కడా ఉంది, పండ్లు ఒలవడం తేలికవుతుంది కాబట్టి. అయితే అందుకు మూల్యం కూడా ఉందని వాళ్ళకు తెలుసు. పాతకాలం వ్యాపారంలో దీన్ని బట్టే సాఫ్ట్ ఆయిల్, హార్డ్ ఆయిల్ అని రెండు రకాలుగా అమ్మేవారు. తాజా పండ్లను ఉడికించి తీసింది మొదటిది, వంటకు పనికొచ్చేది. పండ్లను పులియబెట్టి తీసింది రెండోది, అది గట్టిగా పేరుకునేది, సబ్బులకూ కొవ్వొత్తులకూ పోయేది. మీరు తెలియకుండా రెండో రకం తీశారు.

ఇక పండ్లు ఊడి రాకపోవడానికి కారణం వేరే ఉంది. మీరు గెలను ముందే కోసేశారు. ఈ పండు పూత నుంచి పక్వానికి రావడానికి ఐదారు నెలలు పడుతుంది. గుజ్జులో నూనె ఎక్కువగా చేరేది చివరి వారాల్లోనే. పైవరస పండ్లు నల్లటి ఊదా నుంచి ఎరుపుకు తిరగ్గానే తొందరపడి కోస్తే లోపలివి ఇంకా పచ్చిగానే ఉంటాయి. నూనె తక్కువ రావడానికి సగం కారణం అక్కడే ఉంది. రంగు కంటే నమ్మకమైన గుర్తు రాలిన పండ్లు. చెట్టు మొదట్లో ఐదారు పండ్లు వాటంతటవే రాలి కనిపిస్తే కత్తి తీయండి. పది, పదిహేను రాలేదాకా ఆగినా ఫర్వాలేదు. వాటి కోసం వారం పాటు ఎదురుచూస్తూ కూర్చుంటే మాత్రం మళ్ళీ మాగిపోయే గొడవ మొదలవుతుంది. రాలిన వాటిలో ఆరోజువి, గట్టిగా ఉన్నవి మాత్రం కలుపుకోండి. మెత్తబడి, చీమలు పట్టినవి వదిలేయండి.

కోసేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోండి. మట్టల మొదళ్ళలోనూ, గెల రెమ్మల చివర్లలోనూ ముళ్ళు ఉంటాయి. గుచ్చుకుంటే లోపలే విరిగి చీము పడుతుంది. మందపాటి చేతి తొడుగులు, కళ్ళద్దాలు, బూట్లు లేకుండా దగ్గరకు పోకండి. చెట్టు ఎత్తుగా ఎదిగి పొడవాటి గెడకు కొడవలి కట్టి కోయాల్సి వస్తే ముందు తలెత్తి కరెంటు తీగలు ఎక్కడున్నాయో చూడండి. లోహపు గెడ తీగకు తగిలితే ప్రాణం పోతుంది. తీగ దగ్గరగా ఉన్న చెట్టయితే ఆ గెల మీద ఆశ వదులుకోండి. గెల పడేచోట ఎండు మట్టలో, పాత సంచులో దళసరిగా పరిచి ఉంచితే పండ్లు నలగడం తగ్గుతుంది. నలగడమంటే ఏమిటో పైన చెప్పుకున్నాం కదా.

సంచిలో మాగబెట్టకుండా పండ్లు ఎలా ఒలవాలి? ఒలవక్కర్లేదు. చిన్న గొడ్డలితోనో, బలమైన కత్తితోనో గెల మధ్య కాడ నుంచి రెమ్మలను మాత్రం విడదీయండి. పండ్లతో సహా ఆ రెమ్మలనే ఆవిరి మీద పెట్టేయండి. పెద్ద మిల్లుల్లోనూ జరిగేది ఇదే. ముందు గెలకు గెలే ఆవిరి పట్టించి, ఆ తర్వాతే పండ్లు రాలుస్తారు. ఆవిరి తగిలాక తొడిమ పట్టు సడలి, దులిపితే చాలు పండ్లు ఊడిపోతాయి. మీ దగ్గర గెల పూర్తిగా పండి సగం పండ్లు చేత్తోనే ఊడుతుంటే అవి విడిగా, రెమ్మలు విడిగా వేసుకోండి. బూజు పట్టినవి, కుళ్ళినవి తీసేయండి. ఒకటి రెండే కదా అని కలిపేస్తే మిగతా నూనె వాసన కూడా చెడుతుంది.

పొద్దున కోస్తే మధ్యాహ్నానికల్లా పొయ్యి మీద ఉండాలి. నన్నడిగితే ముందు పొయ్యి, నీళ్ళు, గిన్నెలు అన్నీ సిద్ధం చేసుకుని, ఆ తర్వాతే చెట్టు దగ్గరకు వెళ్ళాలి. తీరిక లేదు, ఫ్రిజ్‌లో పెట్టి రేపు చూద్దాంలే అనుకుంటారేమో, అది అస్సలు పనికిరాదు. చాలా వాటిని కాపాడే ఫ్రిజ్ ఈ పండును కాపాడదు. దీనిలోని లైపేజ్ చల్లదనానికి ఆగకపోగా ఇంకా చురుగ్గా పనిచేస్తుంది. తీరిక లేని రోజయితే కనీసం ఆవిరి పట్టించి ఆపండి. ఉడికిన పండ్లను మర్నాడు మళ్ళీ వేడిచేసి దంచుకోవచ్చు, కోసిన పండ్లను మాత్రం మర్నాటికి ఉంచకూడదు.

ఆవిరికి పెద్ద గిన్నె, అడుగున నీళ్ళు, పైన చిల్లుల పళ్ళెం, గట్టి మూత ఉంటే సరిపోతుంది. ఆవిరి బాగా మొదలయ్యాక గంట నుంచి గంటన్నర పట్టించండి. మధ్యలో నీళ్ళు ఇగిరిపోకుండా చూసుకోండి. ప్రెషర్ కుక్కర్ అయితే సగానికి మించి నింపకుండా ముప్పై, నలభై నిమిషాలు సరిపోతాయి. చిల్లుల పళ్ళెం లేకపోతే పండ్లు మునిగేలా నీళ్ళు పోసి ఉడికించినా నష్టం లేదు. ఆ నీళ్ళ మీద కొంత నూనె తేలుతుంది, పారబోయకుండా తర్వాతి పనికి దాచుకోండి. ఒక పండు తీసి వేళ్ళతో నొక్కితే గుజ్జు గింజ మీద నుంచి జారిపోవాలి. అలా జారకపోతే ఇంకాస్త ఉడకాలి. గిన్నెలు స్టీలువి వాడండి. ఇత్తడి, రాగి, తుప్పు పట్టిన ఇనుము ఈ పనికి వద్దు. ఆ లోహాలు కొద్దిగా కలిసినా నూనె తొందరగా పాడవుతుంది.

తర్వాత మీరు చేసిన ఇంకో పొరపాటు: చల్లార్చడం. ఈ నూనెలో దాదాపు సగం గట్టిపడే రకం కొవ్వు. వేడి తగ్గేకొద్దీ చిక్కబడి పీచుకు అతుక్కుపోతుంది. ఇక ఎంత బలంగా పిండినా రాదు. పొయ్యి మీది నుంచి దించిన వెంటనే, చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నప్పుడే దంచాలి. మిక్సీ జోలికి పోకండి. లోపలి గింజ టెంక రాయిలా ఉంటుందని మీ బ్లేడు ఇప్పటికే చెప్పింది. మందపాటి పాత్రలో వేసి చెక్క రోకలితో దంచండి. టెంకలు పగలగొట్టేంత బలం అక్కర్లేదు, గుజ్జు నలిగి గింజ మీంచి ఊడి వస్తే చాలు. టెంకలు పగిలితే ఆ ముక్కలు నూనెలో పడి తర్వాత ఏరలేక చావాలి. కొంచెం కొంచెంగా, మిగతాది ఆవిరి మీదే ఉంచి, విడతలుగా దంచుకోవడం మేలు. గుజ్జు ఎర్రటి ముద్దగా మారి రోకలికి నూనె మెరుపు అంటుకునేదాకా దంచండి. ఇక్కడ ఓపిక పట్టినవాళ్ళకే నూనె ఎక్కువ వస్తుంది. సరిగా నలగని గుజ్జులో నూనె అలాగే ఉండిపోతుంది, తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా బయటికి రాదు.

ముద్ద నుంచి నూనె తీయడానికి రెండు దారులున్నాయి. మరతో బిగించి పండ్ల రసం తీసే చిన్న ప్రెస్ లాంటిది ఉంటే గింజలు ఏరేసి, వేడి ముద్దను గట్టి గుడ్డలో మూటగట్టి అందులో నొక్కండి. నొక్కిన పిప్పిని మళ్ళీ ఆవిరి పట్టించి ఇంకోసారి నొక్కితే మరికొంత వస్తుంది. ప్రెస్ లేకపోతే నీళ్ళ పద్ధతే గతి. ముద్ద బాగా మునిగేలా మరిగిన నీళ్ళు పోసి, పొడవాటి గరిటెతో కలిపి, కాస్త చేయి పట్టే వేడికి వచ్చాక మందపాటి రబ్బరు తొడుగులు వేసుకుని పీచును పిడికిళ్ళతో పిండుతూ తీసేయండి. గింజలు అడుగున దిగుతాయి. పిండిన పీచును ఇంకోసారి వేడి నీళ్ళలో జాడించండి. ఈ నీళ్ళన్నీ జల్లెడతో వడగట్టి ఒకే గిన్నెలో చేర్చండి. ఇందాక దాచిన ఉడికిన నీళ్ళు కూడా ఇందులోనే.

ఇప్పుడు గిన్నెలో ఉన్నది చూడ్డానికి నూనెలా కాక ఎర్రటి జావలా ఉంటుంది. చాలామంది ఇక్కడ నిరాశపడి పెద్ద మంట పెట్టి తెగ మరగబెడతారు. అలా చేస్తే నూనె, నీళ్ళు, సన్నటి గుజ్జు మూడూ కలిసి విడిపోని మడ్డిగా తయారవుతాయి. చిన్న మంట మీద, అక్కడక్కడ బుడగలు వచ్చే వేడిలో అరగంటో గంటో ఉంచండి. కలపకండి. తర్వాత మంట ఆపి, మూత పెట్టి, వేడి నిలిచేలా దుప్పటి కప్పి వదిలేయండి. తేటగా మెరిసే నూనె పైకి వస్తుంది, దాని కింద మడ్డి, అడుగున నీళ్ళు. వెడల్పాటి గరిటెతో పైతేటను మాత్రం మెల్లగా తీయండి. మడ్డి దగ్గరకు రాగానే ఆపేయండి. ఆ చివరి రెండు గరిటెల కోసం ఆశపడితే మొత్తం మళ్ళీ కలుషితమవుతుంది. మిగిలిన మడ్డిలో ఇంకొన్ని వేడినీళ్ళు పోసి మరోసారి తేర్చుకోవచ్చు.

తీసిన నూనెలో కంటికి కనిపించని తడి ఉంటుంది. అది పోకపోతే ఇంతవరకూ పడ్డ శ్రమంతా దండగ. పొడిగా తుడిచిన వెడల్పాటి స్టీలు గిన్నెలో పోసి సన్నటి మంట మీద పెట్టండి. నీరు పోతున్నంతసేపూ చిటపటలాడుతుంది. గిన్నె సగానికి మించి నింపకండి, పొంగి మంటల్లో పడితే చాలా ప్రమాదం. పిల్లల్ని దూరంగా ఉంచండి, మీరు పక్కనుంచి కదలకండి. నిప్పు అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, మంట ఆపి గట్టి మూతతో కప్పేయాలి. చిటపట ఆగిపోయి పైన బుడగలు తగ్గగానే దించేయండి. థర్మామీటర్ ఉంటే 105, 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర పని అయిపోతుంది. పొగ రాకూడదు. గోరువెచ్చగా ఉన్నప్పుడే ఎండిన గుడ్డలో వడగట్టి, పొడి సీసాల్లో గొంతుదాకా నింపండి.

ఎంత వస్తుంది? ఆశ పెట్టుకునే ముందు లెక్క వేసుకోండి. పది కిలోల గెలలో పండ్లు సుమారు ఆరు కిలోలు ఉంటాయి, మిగతాదంతా కాడ, రెమ్మలు. మంచి రకమైతే మిల్లు రెండు కిలోల దాకా నూనె తీస్తుంది. చేతి పనిలో సగం దాకా పీచులోనూ మడ్డిలోనూ పోతుంది కాబట్టి కిలో వస్తే బాగా చేసినట్టే. గెల పచ్చిగా ఉండి, ముద్ద చల్లారి, రకం కూడా అంత మంచిది కాకపోతే మీకొచ్చిన రెండు గ్లాసుల్లో ఆశ్చర్యమేమీ లేదు.

రకం మాటకొస్తే ఒక పండును అడ్డంగా కోసి చూడండి. గుజ్జు సన్నగా, లోపల మందపాటి టెంక ఉంటే అది డ్యూరా. గుజ్జు బాగా ఉండి టెంక పలచగా, దాని చుట్టూ గుజ్జులో నల్లటి పీచు చుక్కల వలయం కనిపిస్తే టెనెరా. అసలు టెంకే లేనిది పిసిఫెరా, దానికి గెలలు సరిగా నిలవవు. డ్యూరాను పిసిఫెరాతో కలిపితే టెనెరా పుడుతుందన్న సంగతిని 1941లో అప్పటి బెల్జియన్ కాంగోలో పనిచేసిన శాస్త్రవేత్తలు తేల్చారు. తోటల్లో ఇప్పుడు నాటేది చాలావరకు టెనెరానే. అలంకారానికి పెంచిన పాత చెట్లు మాత్రం తరచుగా డ్యూరాలే. ఆసియాలో ఈ పంట కథ మొదలైందే అలా. 1848లో జావా దీవిలోని బోగోర్ వృక్షోద్యానంలో నాటిన నాలుగు మొక్కల సంతతి ముందు బాటల పక్కన అందానికి పెరిగి, ఆ తర్వాతే తోటల్లోకి వచ్చింది. మీది డ్యూరా అయితే నూనె తక్కువే వస్తుంది, అది మీ తప్పు కాదు.

ఇంకో మాట. మీవి ఆయిల్ పామ్ చెట్లేనని ఎర్ర నూనె వచ్చింది కాబట్టి నమ్మకంగా చెప్పొచ్చు. ఈ జవాబు చదివి తమ తోటలోని ఏదో ఒక పామ్ పండ్లు దంచుదామనుకునేవాళ్ళు మాత్రం ఆగండి. అందానికి పెంచే చాలా పామ్‌లకు ఎర్రటి, నారింజ రంగు పండ్లు కాస్తాయి. జీలుగు అనే పామ్ పండు రసం తగిలితే చేతులు మండి దురదపెడతాయి. ఆయిల్ పామ్ గెల ముళ్ళతో, పండ్లు ఇరుక్కుని, మట్టల సందుల్లో కూర్చుని ఉంటుంది. పండును గీరితే నారింజ రంగు జిడ్డు వేళ్ళకు అంటుతుంది.

ఎరుపు సంగతి. మరగబెడితే రంగు పోతుందన్న మాట నిజమే, కానీ దయచేసి ఆ పని చేయకండి. ఆ రంగు కెరోటిన్లది, క్యారెట్‌కు రంగునిచ్చేవే. ముడి పామాయిల్ కిలోకు 500 నుంచి 700 మిల్లీగ్రాములు ఉంటాయి. ఇవి మన ఒంట్లో విటమిన్ ఎ గా మారతాయి. వాటితో పాటు విటమిన్ ఇ రకాలు కూడా మెండుగా ఉంటాయి. ఇంట్లో తీసిన నూనెకు ఉన్న ఒకే ఒక్క గొప్ప అదే. దాన్ని మాడ్చుకుని, ఇల్లంతా పొగ చేసుకుని, చివరికి పాడైన నూనె చేతికి తెచ్చుకోవడమెందుకు? కొట్లో నూనె పాలిపోయి కనబడేది ఊరికే మరగబెట్టినందువల్ల కాదు. దాన్ని జిగురు తీసి, ప్రత్యేకమైన మట్టితో రంగు పీల్చి, గాలి తీసేసిన పాత్రల్లో 240 డిగ్రీల పైన ఆవిరితో వాసన పోగొడతారు. ఇంటి పొయ్యి మీద అది కుదిరే పని కాదు. మీ నూనె ఎర్రగానే ఉంటుంది, బట్టల మీద పడితే మరక పోదు, పాత్రలకూ కొంచెం రంగు అంటుతుంది. అది నచ్చకపోతే ఇంట్లో పామాయిల్ తీసే ఆలోచనే మానుకోవచ్చు. ఖర్చు తగ్గించుకుందామని మొదలుపెట్టినవాళ్ళకు కూడా ఇదే చెబుతాను. పోయిన గ్యాసు, పట్టిన పూట లెక్కేస్తే కొనుక్కోవడమే చవక.

పెద్దవాళ్ళు తినొచ్చా అని అడిగారు. తాజాగా, సరిగా తీసిన ఎర్ర నూనె విషం కాదు, మందు కూడా కాదు. ఇందులో దాదాపు సగం సంతృప్త కొవ్వు, ముఖ్యంగా పామిటిక్ యాసిడ్. ఇలాంటి కొవ్వు ఎక్కువైతే చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. రోజువారీ శక్తిలో సంతృప్త కొవ్వు వాటా 10 శాతం మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2000 కేలరీలు తినే మనిషికి అది 22 గ్రాములు. ఒక టేబుల్ స్పూన్ పామాయిల్‌లోనే ఆరేడు గ్రాములుంటుంది. మూడు స్పూన్లతో కోటా దాదాపు అయిపోయినట్టే, మిగతా తిండిలోంచి వచ్చేది వేరే. అందరూ ఆరోగ్యంగా ఉన్న ఇంట్లో అప్పుడప్పుడూ ఒక స్పూను వాడుకుంటే టెన్షన్ పడనక్కర్లేదు. కొలెస్ట్రాల్ ఉన్నవాళ్ళకు మాత్రం ఇంట్లో తీసిందన్న ప్రేమతో రోజూ పెట్టకండి. చూస్తున్న డాక్టర్ని అడిగాకే. వేపుళ్ళకు ఎలాగూ పనికిరాదు. శుద్ధి చేయని నూనె తొందరగా పొగలు కక్కుతుంది, యాసిడ్లు ఎక్కువున్న నూనెకు పొగ ఇంకా ముందే వస్తుంది.

నిల్వ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వెలుతురు, గాలి, తడి తగలకూడదు. చిన్న సీసాల్లో పోసుకుని ఒక్కొక్కటే తెరవండి. కొన్నాళ్ళకు అడుగున పసుపుపచ్చగా గట్టి పదార్థం, పైన ఎర్రటి తేట కనిపిస్తే పాడైందనుకుని పారేయకండి. గట్టిపడే కొవ్వు దిగి, జారుడు కొవ్వు పైన మిగిలిందంతే. వేడినీళ్ళలో సీసా ఉంచితే మళ్ళీ కలిసిపోతుంది. పాడవడం అంటే మీకిప్పుడు తెలిసిన ఆ వాసన, ఆ గరగర.

ఆ వాసనొచ్చిన రెండు గ్లాసుల్ని మాత్రం వంటలో వాడకండి, మళ్ళీ కాచి బాగుచేద్దామనీ చూడకండి. సబ్బు తయారీ తెలిసినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకివ్వండి. మీరే చేద్దామనుకుంటే, సబ్బులో వాడే కాస్టిక్ సోడా చర్మాన్నీ కళ్ళనీ కాల్చేస్తుంది. కొలతలు, జాగ్రత్తలు నేర్చుకోకుండా ముట్టుకోవద్దు.

గింజల విషయానికొస్తే, టెంక లోపలి పలుకులోనూ నూనె ఉంది, బరువులో సగానికి దగ్గరగా. కానీ అది పూర్తిగా వేరే నూనె. తెల్లగా, కొబ్బరినూనెకు దగ్గరగా ఉంటుంది, అందులో దాదాపు సగం లారిక్ యాసిడ్ అనే కొవ్వు. తీయాలంటే గింజలు బాగా ఎండాలి, ఒక్కొక్కటీ సుత్తితో పగలగొట్టాలి, పలుకులు మెత్తగా నూరి వేయించి గట్టి ప్రెస్‌లో నొక్కాలి. రెండు చెట్ల గింజలకు ఇంత శ్రమ దండగని నా అభిప్రాయం. ఎండబెట్టి పొయ్యిలో వేసుకోండి, టెంకలూ పిండేసిన పీచూ బాగా మండుతాయి. తర్వాతి గెల ఉడకబెట్టడానికి అవే వంటచెరకు.

నాటాలంటే ఉడికించని గింజలు కావాలి, మీ దగ్గర మిగిలినవి ఉడికినవి కాబట్టి మొలవవు. పచ్చి గింజలైనా వెంటనే లేవవు. వాటికి నిద్ర ఎక్కువ. నర్సరీల్లో దాదాపు 40 డిగ్రీల వేడిలో రెండు నెలలకు పైగా ఉంచి ఆ నిద్ర వదిలిస్తారు. సరే, మొలిచాయనుకుందాం. మీ చెట్టు టెనెరా అయినా దాని పిల్లలన్నీ టెనెరా కావు. టెనెరాకు టెనెరాతోనే పరాగం పడితే సుమారు నాలుగో వంతు డ్యూరా, సగం టెనెరా, మిగిలిన నాలుగో వంతు పిసిఫెరా వస్తాయి. ఏది ఏదో తెలియడానికి కాపు దాకా మూడు నాలుగేళ్ళు ఎదురుచూడాలి. నీడకీ అందానికీ అయితే గింజ నాటుకోండి, నూనె కోసమైతే నర్సరీలో టెనెరా మొక్క తెచ్చుకోండి. మీ రెండు చెట్లలో ఒకదాన్ని కొట్టేయాలని ఎప్పుడైనా అనిపిస్తే మాత్రం ఆలోచించండి. ఈ చెట్టుకు మగ పూలూ ఆడ పూలూ వేరువేరు గుత్తులుగా, ఎక్కువగా వేరువేరు కాలాల్లో వస్తాయి. ఒంటరి చెట్టుకు సమయానికి పుప్పొడి దొరక్క గెలలు బోసిగా మిగిలిపోతుంటాయి.

చివరగా, మీరు అడగని సంగతి ఒకటి. తేర్చగా మిగిలిన మడ్డి నీళ్ళను సింకులోనో కాలువలోనో పోయకండి. గొట్టంలో నూనె గట్టిపడి అడ్డం పడుతుంది. చెరువులో కలిస్తే అది కుళ్ళేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ లాగేసుకుని చేపల్ని చంపుతుంది. చల్లారాక ఎండుటాకుల కుప్ప మీద కొంచెం కొంచెంగా పోసి కంపోస్టులో కలపండి. పండ్లు ఊడిన ఖాళీ రెమ్మలు, కాడ ముక్కల్లో పొటాషియం బాగా ఉంటుంది. వాటిని నరికి ఆ రెండు చెట్ల చుట్టూనే, కాండానికి జానెడు ఎడంగా పరిచేయండి.